ఈసీ నిల్ వచ్చినా ఆగండి: భూమి మీద కనపడని హక్కులు, ఆంక్షలు పట్టుకునే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో స్థలం బేరం కుదిరిందంటే మొదట వినపడే మాట "ఈసీ తీశాం, క్లియర్‌గా ఉంది" అని. ఆ ఒక్క మాట మీదే లక్షల అడ్వాన్సు చేతులు మారిపోతుంది. ఫలానా తేదీల మధ్య, ఫలానా సర్వే నంబరు మీద ఏ దస్తావేజులు రిజిస్టరయ్యాయో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చెబుతుంది, ఏవీ లేకపోతే 'నిల్' అని వస్తుంది. అంతకు మించి చెప్పదు. కోర్టులో నడుస్తున్న దావా, ఆడపిల్ల వాటా, కౌలుదారు, దేవస్థానం క్లెయిము, భూసేకరణ నోటిఫికేషన్, పొలం కిందుగా పోయే గ్యాస్ పైపులైను, పక్క రైతుకు తాతల నాటి నుంచి ఉన్న దారి, ఇవేవీ అందులో ఉండవు. కొన్నవాళ్లను కోర్టుల చుట్టూ తిప్పేవి ఎక్కువగా ఇవే.

అందుకని చూడాల్సిన చోట్లు మూడు: సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు, తహసీల్దారు ఆఫీసు, ఆ నేల. మూడూ ఒకే మాట చెప్పేదాకా టోకెన్ అడ్వాన్సు కూడా ఇవ్వకండి. ఇచ్చాక చూసుకుందాం అనుకుంటే, ఆ డబ్బు వెనక్కి రాబట్టడమే పెద్ద వ్యవహారమవుతుంది.

అమ్మేవాళ్ల నుంచి ఏం తీసుకోవాలి

జిరాక్సులు ఇంటికి పట్టుకెళ్లండి, కానీ ఒరిజినల్స్ కళ్లతో చూడండి. ఆయన కొన్న దస్తావేజు, దానికి ముందు 30 ఏళ్ల లింకు దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకం, 1-బి (రెవెన్యూ హక్కుల రికార్డు), అడంగల్ (సాగు, అనుభవం వివరాల రికార్డు), శిస్తు లేదా పన్ను రసీదులు కావాలి. వారసత్వంగా వచ్చిందంటే మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పంపకాల కాగితం కూడా అడగాలి.

ఒరిజినల్ "ఎక్కడో పోయింది" అంటే చెవులు రిక్కించండి. దస్తావేజు పోవడం కన్నా తాకట్టులో ఉండడమే మామూలు. బ్యాంకులో టైటిల్ డీడ్స్ డిపాజిట్ చేసి తీసుకున్న అప్పు, దానికి సంబంధించిన కాగితం రిజిస్టరు కాకపోతే ఈసీలో పడదు. ప్రైవేటు వడ్డీవ్యాపారి దగ్గర పెడితే ఎక్కడా పడదు. పోలీసు స్టేషన్ నుంచి 'దొరకలేదు' సర్టిఫికెట్, పత్రికలో ప్రకటన అడగండి. అంతకన్నా ముందు సెర్సాయ్ వెబ్‌సైట్‌లో ఆస్తి వివరాలతో వెతకండి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు తమ దగ్గరి తనఖాలను నమోదు చేయాల్సిన కేంద్ర రిజిస్ట్రీ అదే.

పాత దస్తావేజుల్లో జిల్లా పేరు చూసి కంగారు పడొద్దు. శ్రీకాకుళం 1950 ఆగస్టు 15న విశాఖపట్నం నుంచి విడిపోయింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది, బొబ్బిలి, పార్వతీపురం వైపు అంతకు ముందు శ్రీకాకుళంలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. అదే రోజు రాజాం, రేగిడి, సంతకవిటి, వంగర మండలాలు విజయనగరంలో కలిశాయి. ఇచ్ఛాపురం, టెక్కలి వైపు 1936కు ముందు కాగితం దొరికితే దాని మీద గంజాం జిల్లా అని ఉంటుంది. ఇక్కడ ఒక చిక్కుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పరిధి మారిన ఊళ్లకు పాత దస్తావేజుల పుస్తకాలు పాత ఆఫీసులోనే ఉండిపోతాయి. కొత్త ఆఫీసులో ఒక్కచోటే వెతికించి నిల్ తెచ్చుకుంటే ఆ నిల్‌కు విలువ లేదు. మీ ఊరు ఏ ఏడాది ఏ ఆఫీసు కింద ఉందో ముందు కనుక్కొని, రెండు చోట్లా వెతికించండి.

ఈసీ చదివే తీరు

రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఉన్న లావాదేవీలు వస్తాయి. అంతకు ముందువి ఆఫీసులో పుస్తకాలు తీయించి చూడాలి. దస్తావేజు నంబరుతో వెతికి ఊరుకోకండి, సర్వే నంబరుతో కూడా వెతకండి. సబ్‌డివిజన్ ఒక్కో దస్తావేజులో ఒక్కోలా రాస్తారు: 45/2, 45-2, 45/2బి, ఒట్టి 45. అన్నీ ఇచ్చి చూడాలి. రెవెన్యూ గ్రామం పేరు, దాని శివారు పేరు వేరైతే రెండింటి మీదా తీయండి. 2020 డిసెంబరు తర్వాత రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల బదులు ల్యాండ్ పార్సిల్ మ్యాప్ అనే ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. అక్కడ పాత నంబరు మీద ఒకటి, ఎల్‌పీఎం మీద ఒకటి, రెండు ఈసీలు కావాలి.

ఎంట్రీలో పేర్ల ముందుండే పొడి అక్షరాలు చూడండి. ఈఎక్స్ అంటే రాసిచ్చినవారు, సీఎల్ అంటే రాయించుకున్నవారు. ఎంఆర్ తనఖా పెట్టినవారు, ఎంఈ పెట్టించుకున్నవారు. డీఆర్, డీఈ దానం ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు. ఎంఆర్, ఎంఈ కనపడిందంటే దాని తర్వాత ఎక్కడో ఆ తనఖా తీరినట్టు రిజిస్టరైన రసీదు కూడా కనపడాలి. బ్యాంకు వాళ్లు లెటర్‌హెడ్ మీద ఇచ్చిన 'నో డ్యూస్' చూపించి "అప్పు తీరిపోయింది" అంటారు. అప్పు తీరి ఉండొచ్చు, రికార్డులో భారం మాత్రం తొలగలేదు. రద్దు రిజిస్టరయ్యాకే ముందుకెళ్లండి.

ఇప్పుడు లెక్క. ఈసీ మీద చాలామంది చెయ్యనిది ఇదే. మూల దస్తావేజులో 3 ఎకరాల 20 సెంట్లు ఉందనుకోండి. ఈసీలో ఆ తర్వాత 1 ఎకరం 25 సెంట్లు ఒకరికి అమ్మినట్టు, 80 సెంట్లు కూతురికి దాన సెటిల్‌మెంటు చేసినట్టు ఉంది. ఇంకా 1 ఎకరం 15 సెంట్లు మిగలాలి. అమ్మే ఆయన 90 సెంట్లే అమ్ముతానంటున్నాడు, కాబట్టి సరిపోయినట్టే కనపడుతుంది. పొలం మీదికి వెళ్తే ఒక పక్కగా రోడ్డు వేశారు, అందులో 50 సెంట్లు ప్రభుత్వం తీసుకుంది. ఆ అవార్డు (భూసేకరణ ఉత్తర్వు) రిజిస్టరు కాదు, ఈసీలో రాదు. నిజానికి ఆయన చేతిలో ఉన్నది 65 సెంట్లు. మిగతా 25 సెంట్లు కొన్నవాడు ఎక్కడినుంచో తెచ్చుకోవాలి, అంటే పక్కవాడి గట్టు దాటాలి. సరిహద్దు తగాదాల్లో చాలా వాటి పుట్టుక ఇక్కడే. ప్రతి ఎంట్రీకీ విస్తీర్ణం కాగితం మీద తీసేస్తూ రండి, చివర మిగిలింది నేల మీద కొలిపించండి.

ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు అప్పలనాయుళ్లు, ఇద్దరు సూర్యనారాయణలు ఉండడం మన వైపు మామూలే. ఈసీలో పేరు కలిసిందని సరిపెట్టుకోకుండా తండ్రి పేరు, వయసు, పాత దస్తావేజులో వేలిముద్ర, సంతకం పోల్చండి. కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీయించండి. అమ్మేవాళ్లు ఇచ్చిన జిరాక్సులో ఒక పేజీ తక్కువ ఉండడం, అందులోనే షరతులు ఉండడం కొత్త విషయం కాదు.

జిరాయితీయేనా?

విజయనగరం, బొబ్బిలి, కురుపాం, పర్లాకిమిడి, టెక్కలి, మందస లాంటి సంస్థానాలు, జమీందారీల కింద ఉన్న ఊళ్లు మనవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక సెటిల్‌మెంటు చేసి (ఏ భూమి ఎవరిదో సర్వేతో తేల్చి) రైత్వారీ పట్టాలిచ్చారు. అందుకే కోస్తాలో మిగతా చోట్ల ఆర్ఎస్ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్) అడిగినట్టు ఇక్కడ ఎస్ఎల్ఆర్ (సెటిల్‌మెంట్ ల్యాండ్ రిజిస్టర్), సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అడగాలి. తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు పెట్టి ఆ సర్వే నంబరుకు సెటిల్‌మెంటు నాడు ఏమని రాశారో నకలు తీసుకోండి. 'జిరాయితీ' (రైతు సొంత పట్టా భూమి) అని, పట్టాదారు పేరు ఉంటే నేల గట్టిది. 'గెడ్డ' (వాగు), 'గోర్జి' (పొలాల మధ్య బాట), 'బంద' (చిన్న చెరువు), 'చెరువు గర్భం', 'కొండ', 'గ్రామకంఠం', 'బంజరు' అని ఉంటే ఇవాళ 1-బిలో ఎవరి పేరున్నా సరే, ప్రశ్న మొదలైనట్టే. వెబ్‌ల్యాండ్‌లో (రెవెన్యూ శాఖ ఆన్‌లైన్ రికార్డులో) పేరు ఎక్కడం వేరు, హక్కు వేరు. పాసుపుస్తకం, 1-బి హక్కు ఉందని అనుకోవడానికి ఆధారమవుతాయి గాని హక్కును పుట్టించవు. ప్రభుత్వమే హక్కుకు హామీ ఇస్తుందంటూ 2022లో తెచ్చిన భూహక్కుల చట్టం కూడా 2024లో రద్దయింది. పాత కాగితాల గొలుసు చూసుకోవడం మీ పనే.

తర్వాత 22ఎ జాబితా. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింద ప్రభుత్వ భూములు, చట్టం అమ్మకాన్ని నిషేధించిన భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగు మిగులు భూములు ఈ జాబితాలో ఉంటాయి. వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి చూడొచ్చు. కానీ మొత్తం సర్వే నంబరు పెట్టేసి సబ్‌డివిజన్ రాయని సందర్భాలుంటాయి. 112లో 2 ఎకరాలు ప్రభుత్వానిదైతే 112 మొత్తం నిషేధంలో పడిపోతుంది, జిరాయితీ రైతు కూడా ఇరుక్కుంటాడు. అలాంటి చోట కలెక్టరుకు దరఖాస్తు పెట్టి, సెటిల్‌మెంటు నకళ్లు చూపించి తీయించుకోవాల్సింది అమ్మే ఆయన. "మీరు కొనేయండి, తర్వాత మేమే తీయించేస్తాం" అన్న మాటకు తల ఊపకండి. తిరగేసి చూసినా అంతే, జాబితాలో లేనంత మాత్రాన భూమి మంచిదని కాదు. రేపు చేర్చొచ్చు.

డి-పట్టా భూముల సంగతి. 1977 నాటి 9వ చట్టం ప్రకారం భూమిలేని పేదకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. తహసీల్దారు ఆ భూమిని వెనక్కి తీసుకోవచ్చు, కొన్నవాడికి పైసా పరిహారం రాదు. 1954 జూన్ 18కి ముందు ఇచ్చిన పట్టాలకు సాధారణంగా అమ్మకూడదన్న షరతు లేదు, కాబట్టి పట్టా తేదీ, అందులోని షరతు రెండూ చదవాలి. మాజీ సైనికులకు ఇచ్చిన భూమి 10 ఏళ్ల తర్వాత అమ్ముకోవచ్చు, కాని ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకోవాలి. మన జిల్లాల నుంచి ఆర్మీకి వెళ్లినవాళ్లు ఎక్కువ గనక ఇలాంటి భూములు తరచుగా బేరానికి వస్తాయి. ఎన్‌ఓసీ నంబరు పట్టుకుని కలెక్టరేట్‌లో సరిచూసుకోండి. ఇక 2023లో చట్టం సవరించి, 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములపై అసలు అసైనీలకు, వారి వారసులకు పూర్తి హక్కు ఇచ్చారు. 2024లో కొత్త ప్రభుత్వం ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలన మొదలుపెట్టింది. "ఫ్రీహోల్డ్ అయిపోయిందండీ" అని ఎవరన్నా, ఆ రోజుకు ఆ నంబరు పరిస్థితి ఏమిటో రాతపూర్వకంగా తెచ్చుకోమనండి.

దేవుడి మాన్యాలు ఇంకో రకం. అర్చకుడి పేరున, సేవకుడి పేరున తరతరాలుగా 1-బి నడుస్తూ ఉంటుంది. దాంతో సొంత భూమిలాగే కనపడుతుంది. 1987 దేవాదాయ చట్టం ప్రకారం కమిషనర్ ముందస్తు అనుమతి లేని అమ్మకం చెల్లదు. గుడికి దగ్గరలో, లేదా ఫెయిర్ అడంగల్‌లో 'ఈనాం' అని రాసిన నేల అయితే దేవాదాయ శాఖ అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసులో ఆ గుడి ఆస్తుల రిజిస్టరు చూడాలి. విజయనగరం చుట్టుపక్కల మాన్సాస్ ట్రస్టు (విజయనగరం రాజవంశం నెలకొల్పిన ట్రస్టు) భూములకు కూడా ఇదే జాగ్రత్త.

ఏజెన్సీ సరిహద్దు

షెడ్యూల్డ్ ప్రాంతంలో 1959 నాటి 1వ రెగ్యులేషన్, దాన్ని సవరించిన 1/70 (1970 నాటి 1వ రెగ్యులేషన్) అమల్లో ఉన్నాయి. గిరిజనులు, గిరిజన సహకార సంఘాలు తప్ప ఇంకెవరూ అక్కడ భూమి కొనలేరు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే, కొనేవాడు గిరిజనుడే కావాలి. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఒకప్పుడు గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందే అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది అతనే. బినామీగా గిరిజన మిత్రుడి పేరున కొన్నా, 99 ఏళ్ల లీజన్నా, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అన్నా అదే గతి.

గందరగోళం ఎక్కడంటే, గిరిజన సబ్‌ప్లాన్ మండలం అన్నంత మాత్రాన షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. పక్కపక్క ఊళ్లలో ఒకటి షెడ్యూల్డు, ఒకటి కాకపోవచ్చు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు పోతున్నకొద్దీ ఊరి పేరుతో సహా తేల్చుకోవాలి. మండలం పేరు చూసి నిర్ణయించకండి. సీతంపేట లేదా పార్వతీపురం ఐటీడీఏలో (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలో) అడిగితే గ్రామాల జాబితా చూపిస్తారు. కొండ అంచున ఉన్న పోడు పట్టా అయితే ఆ చిక్కు వేరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసులకు వెళ్తుంది, అమ్మకానికి మాత్రం పనికిరాదు.

ఇంటివాళ్ల వాటాలు

మన దగ్గర భూమి మీద కేసుల్లో చాలా భాగం అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్యవే. తండ్రి చనిపోయాక ఇద్దరు కొడుకులు వాటాలు పంచుకుని ఒకరు అమ్మేస్తారు, పెళ్లై పోయిన ఆడపిల్ల సంతకం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతుళ్లందరికీ వచ్చింది. తండ్రి ఆ తేదీకి ముందే పోయినా హక్కుకు అడ్డు కాదని 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకం, లేదా కోర్టు డిక్రీతో అయిన పంపకం ఉంటే అది నిలుస్తుంది. 'పెద్దమనుషుల మధ్య తెల్లకాగితం మీద రాసుకున్నాం' అన్నది ఆ కోవలోకి సులువుగా రాదు.

చేయాల్సింది: ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ముందు పెట్టుకుని వంశవృక్షం గీయండి. తాత దగ్గర మొదలుపెట్టి బతికి ఉన్న ప్రతి ఒక్కరూ, పోయినవాళ్ల పిల్లలతో సహా అందులో ఉండాలి. ఒక్క గీత దగ్గరైనా "ఆవిడ సూరత్‌లో ఉంటుందండీ, ఏం అడగదు" అన్నారంటే ఆవిడ సంతకం తప్పనిసరి. సంతకం అమ్మకం దస్తావేజు మీదైనా ఉండాలి, రిజిస్టరైన రిలీజ్ డీడ్ (వాటా వదులుకుంటున్నట్టు రాసిచ్చేది) అయినా కావాలి. నోటరీ అఫిడవిట్ చాలదు. పసుపు కుంకుమ కింద ఆడపిల్లకు ఇచ్చిన చెక్క ఏదైనా ఉందేమో ఊళ్లో అడగండి. కాగితం ఉండదు, పంట మాత్రం ఆమె మెట్టినింటికి పోతూ ఉంటుంది.

మైనర్ పేరున ఉన్న సొంత భూమిని తండ్రి గానీ తల్లి గానీ కోర్టు అనుమతి లేకుండా అమ్మితే, ఆ పిల్లవాడు 18 నిండాక 3 ఏళ్లలోపు దావా వేసి రద్దు చేయించవచ్చు. వీలునామా, సెటిల్‌మెంటుల్లో 'నా తదనంతరం' అన్న మాట వెతకండి. తల్లికి జీవితకాల హక్కు మిగిలి ఉంటే కొడుకు ఒక్కడి సంతకంతో కొన్న భూమి ఆమె ఉన్నంతకాలం మీ చేతికి రాదు. కొడుకు దానంగా పుచ్చుకున్న ఆస్తి అయితే తల్లిదండ్రులను కూడా సాక్షులుగా పిలవండి. చూసుకుంటానన్న షరతు మీద ఇచ్చి ఉంటే, వాళ్లు 2007 వృద్ధుల సంరక్షణ చట్టం కింద ఆ దానాన్ని రద్దు చేయమని కోరవచ్చు. జీపీఏ మీద అమ్ముతుంటే, అధికారం ఇచ్చిన మనిషి బతికి ఉన్నాడో లేదో అదే రోజు ఫోన్ చేసి కనుక్కోండి. చాలా జీపీఏలు ఇచ్చినవాడి ప్రాణంతోనే పోతాయి.

కోర్టు, కౌలు, బాకీలు

ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పార్టీ పేరుతో వెతకొచ్చు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లా కోర్టులతో సరిపెట్టకుండా సోంపేట, టెక్కలి, బొబ్బిలి, పార్వతీపురం లాంటి చోట్ల ఆ ఊరు ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడా చూడాలి. ఇంటిపేరు ముందు, వెనక, పొడి అక్షరంతో, ఇంగ్లిషు స్పెల్లింగు రెండు మూడు రకాలుగా కొట్టండి. అమ్మే ఆయన పేరుతోనే కాకుండా ఆయన తండ్రి, అన్నదమ్ముల పేర్లతోనూ వెతకండి. దావా నడుస్తుండగా కొన్నవాడికి ఆ విషయం తెలియకపోయినా తీర్పు అతనికీ కట్టుబడుతుంది. అమ్మకం ఒప్పందం రిజిస్టరు చేయకుండా ముందే ఒకరి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటే, ఆ మనిషి ఒప్పందంలోని గడువు దాటిన 3 ఏళ్లలోపు కోర్టుకు రావచ్చు. ఊళ్లో టీకొట్టు దగ్గర ఇది బయటపడినంత తేలిగ్గా రికార్డులో బయటపడదు.

అడంగల్‌లో పట్టాదారు పేరు, అనుభవదారు పేరు వేర్వేరు గళ్లలో ఉంటాయి. రెండూ ఒకటి కాకపోతే ఎందుకని అడగండి. స్వాధీన తనఖా కావచ్చు, కౌలు కావచ్చు, ఆక్రమణ కావచ్చు. ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం 1956 ప్రకారం యజమాని అమ్మదలిస్తే సాగు చేస్తున్న కౌలుదారుకు ముందు బేరం చూపించాలి. ఆయన నుంచి 'నాకు అభ్యంతరం లేదు, ఫలానా తేదీకి ఖాళీ చేస్తాను' అని రాయించుకోవడం చౌకైన బీమా. 2019 చట్టం కింద ఇచ్చే 11 నెలల సాగుహక్కు కార్డు మాత్రం హక్కును మార్చదు. పలాస వైపు జీడితోటలు, ఉద్దానంలో కొబ్బరితోటలు కొనేటప్పుడు ఫలసాయం ముందే ఎవరికైనా అమ్మేశారేమో చూడండి. మీరు రిజిస్టరు చేయించుకున్నాక కూడా గుత్తదారు వచ్చి పిక్కలు ఏరుకుపోతుంటే ఏమీ అనలేని పరిస్థితి వస్తుంది.

సొసైటీ అప్పు, పంట రుణం 1-బిలో చార్జిగా పడిందేమో చూడాలి. మునిసిపాలిటీ అయితే ఖాళీ స్థలం పన్ను, ఇంటి పన్ను బాకీ ఆస్తినే పట్టుకుంటాయి. పాత కరెంటు సర్వీసు బాకీ ఉంటే కొత్త కనెక్షను దగ్గర ఆగుతుంది.

నేల మీద నడిచి చూడాల్సినవి

ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు చేత పట్టుకుని వెళ్లండి. పాత ఎఫ్ఎంబీలో కొలతలు లింకుల్లో ఉంటాయి. ఒక లింకు 7.92 అంగుళాలు, 1000 చదరపు లింకులు ఒక సెంటు, ఒక సెంటు 48.4 గజాలు. సరిహద్దు మీద అనుమానం ఉంటే అమ్మే ఆయన చేతే ఎఫ్-లైన్ (హద్దులు కొలిపించే) దరఖాస్తు పెట్టించండి, సర్వేయరు పక్క రైతులకు నోటీసు ఇచ్చి కొలుస్తాడు. పక్కవాళ్లు ఆ రోజు ఏ అభ్యంతరమూ చెప్పకపోతే మీకు సగం భరోసా వచ్చినట్టే.

పొలంలో కాలిబాట, బండిజాడ ఉంటే ఎక్కడికి పోతుందో చూడండి. ఎవరైనా 20 ఏళ్లు అడ్డు లేకుండా, అనుమతి అడగకుండా, హక్కుగా నడిచి ఉంటే ఈజ్‌మెంట్ల చట్టం కింద ఆ దారి వాళ్లకు హక్కవుతుంది. కొని కంచె కట్టిన రోజు తగాదా మొదలవుతుంది. నీళ్ల బోదె కూడా అంతే. తిరగేసి కూడా చూసుకోండి: మీరు కొంటున్న చెక్కకు గోర్జి దాకా దారి దస్తావేజులో రాసి ఉందా, లేక పక్క రైతు మంచితనం మీద ఉందా?

గెడ్డ పక్కన ఇల్లు కడదామనుకునేవాళ్లకు 2017 భవన నిబంధనలు గుర్తుండాలి. నదికి మునిసిపల్ హద్దుల్లో 50 మీటర్లు, బయట 100 మీటర్లు వదలాలి. 10 హెక్టార్లకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. గెడ్డ, కాలువ వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. ఈ పట్టీ మీ పేరునే ఉంటుంది, కట్టడానికి మాత్రం పనికిరాదు. 200 గజాల ప్లాటులో ఇది పోతే మిగిలేది పశువుల పాకకు కూడా చాలదు.

హైటెన్షన్ తీగలు తలెత్తి చూస్తే కనపడతాయి. 132 కేవీ లైనుకు 27 మీటర్లు, 220 కేవీకి 35 మీటర్ల పట్టీ వదలాలి. పైపులైను మాత్రం కనపడదు, పొలం గట్ల మీద చిన్న చిన్న గుర్తు రాళ్లు, బోర్డులు వెతకాలి. ఒడిశా వైపు నుంచి హైదరాబాద్ పోయే పెట్రోలియం లైను, శ్రీకాకుళం నుంచి అంగుల్ పోయే గ్యాస్ లైను మన పొలాల గుండానే వెళ్తాయి. 1962 చట్టం ప్రకారం ఆ పట్టీలో సాగు చేసుకోవచ్చు గాని ఇల్లు, బావి, చెరువు, చెట్టు కూడదు. పట్టీ సాధారణంగా 18 మీటర్లు. కొబ్బరితోట పెడదామని కొన్నవాళ్లకు ఇది పెద్ద దెబ్బ.

తీరం వెంబడి కొనేవారికి సీఆర్‌జెడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) ఉంది. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల వరకు ఆంక్షలుంటాయి, గ్రామీణ తీరంలో ముందు 200 మీటర్లు చాలా చోట్ల కొత్త కట్టడాలకు వీల్లేని భాగం. వంశధార, నాగావళి మొగల (సముద్రంలో కలిసే చోట్ల) దగ్గర పోటు నీళ్లు లోపలికి వచ్చే మేరా ఇది వర్తిస్తుంది. "బీచ్ వ్యూ" ప్లాట్ల బ్రోచర్లో ఈ గీత గీయరు. జాతీయ రహదారి 16 ఆనుకున్న స్థలమైతే కేంద్ర రోడ్డు రవాణా శాఖ మార్గదర్శకాల ప్రకారం రోడ్డు మధ్య గీత నుంచి 40 మీటర్ల లోపు కట్టడం కుదరదు, 75 మీటర్ల దాకా నియంత్రణ. రైల్వే హద్దుకు 30 మీటర్లలోపు కడితే రైల్వే ఎన్‌ఓసీ కావాలి. భోగాపురం ఎయిర్‌పోర్టు చుట్టూ ఎత్తు పరిమితి ఉంటుంది, అపార్టుమెంటు అంతస్తులు లెక్కపెట్టుకునే ముందు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌ఓసీ సంగతి చూడాలి.

ప్రాజెక్టు వస్తోందన్న చోట కొనడంలో ఇంకో ప్రమాదం ఉంది. 2013 భూసేకరణ చట్టం 11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన రోజు నుంచి ఆ భూమి మీద అమ్మకం, తనఖా ఏదీ చేయకూడదు. నోటిఫికేషన్ వచ్చిన సంగతి దాచి అమ్మేస్తే పరిహారం ఎవరికి దక్కుతుందన్నది మరో దావా. కొవ్వాడ, మూలపేట, భోగాపురం, వంశధార రెండో దశ, తారకరామ తీర్థసాగర్ పరిసరాల్లో ఆర్‌డీఓ ఆఫీసులో సర్వే నంబరు ఇచ్చి అడగడం తప్పనిసరి.

చిక్కు బయటపడితే

కొన్ని చిక్కులు తీరతాయి. తీరని తనఖా, రాని సంతకం, విస్తీర్ణంలో తేడా, సబ్‌డివిజన్ తప్పు వల్ల 22ఎలో పడడం, కౌలుదారు, దారి, ఇవన్నీ డబ్బు, ఓపికతో సరిచేయించుకోవచ్చు. కానీ సరిచేయించాల్సింది అమ్మే ఆయన, మీ అడ్వాన్సుకు ముందే. అసైన్డ్, షెడ్యూల్డ్ ప్రాంతం, దేవాదాయ, గెడ్డ పోరంబోకు అని తేలితే మాత్రం ధర ఎంత తక్కువగా ఉన్నా లేవండి. ఇవి ధర తగ్గించి సరిపెట్టుకునే లోపాలు కావు.

ముందుకెళ్లాలనుకుంటే అమ్మకం ఒప్పందం రిజిస్టరు చేయించండి. ఏ భారం ఏ తేదీలోపు ఎవరు తొలగించాలి, తొలగించకపోతే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో వెనక్కి ఇవ్వాలి, ఒరిజినల్స్ ఎప్పుడు అప్పగించాలి అన్నవి విడివిడిగా రాయించండి. తనఖా తీర్చడానికే అడ్వాన్సు కావాలంటే ఆ మొత్తాన్ని నేరుగా అప్పు ఖాతాలో వేయండి, ఆయన చేతికివ్వకండి. రెండు స్థానిక పత్రికల్లో 15 రోజుల గడువుతో అభ్యంతరాల ప్రకటన వేయించండి. అది చట్టపరంగా ఎవరి హక్కునూ ఆపదు, కానీ దాక్కున్న హక్కుదారులు చాలాసార్లు ఆ ప్రకటన చూశాకే ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ రిజిస్ట్రేషన్‌కు ముందు రావడమే మీకు కావాల్సింది.

రిజిస్ట్రేషన్ రోజు ఉదయం ఈసీ మళ్లీ తీయండి, 22ఎ జాబితా మళ్లీ చూడండి. నెల కిందటి ఈసీకి, ఆ రోజుకి మధ్య ఇంకొకరికి రాసిచ్చేయడానికి ఒక్క పూట చాలు. దస్తావేజులో నాలుగు సరిహద్దులు, సర్వే నంబరు, ఎల్‌పీఎం నంబరు, దారి హక్కు ఎఫ్ఎంబీతో పోల్చి చదివాకే వేలిముద్ర వేయించండి. పది రోజుల తర్వాత మీ పేరున ఎంట్రీ పడిందో లేదో చూడ్డానికి మరో ఈసీ తీసి, అదే వారంలో మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డులో పేరు మార్పు) పడిందో లేదో 1-బిలో సరిచూసుకోండి.